జానెడు బెల్టు

పోయిన ఆదివారం డుమస్ బయల్దేరాం. సముద్రం చూసి, అక్కడి బండ్ల దగ్గర వేడివేడి టమాటా భజియాలు తిని, చీకటి పడేలోపు అమ్రోలిలో ఇంటికి చేరాలని మా అబ్బాయి ప్లాను. వాడు కారు తీశాడో లేదో టింగుటింగుమని మోత మొదలైంది. వెనక సీట్లో వాళ్ళు కూడా బెల్టు పెట్టుకోవాలట. నేను పెట్టుకున్నాను. నా పక్కనున్న మా కాక పెట్టుకోలేదు. కాక అంటే చిన్నాన్న, మా బాపు తమ్ముడు. బాపు పోయినప్పటినుంచీ నా దగ్గరే ఉంటున్నాడు.

"తాతా, బెల్ట్ లగాలో. లేకపోతే ఇది ఊకోదు," అన్నాడు మా అబ్బాయి. వాడు పుట్టి పెరిగింది సూరత్‌లోనే. ఒక్క మాటలో మూడు భాషలు దొర్లకపోతే వాడికి మాట్లాడినట్టుండదు.

"నాకెందుకురా పట్టా? ఈ వయసుల నేనేడికి ఉరుకుత?" అన్నాడు కాక. అంటూనే ఎడమ చెయ్యి భుజం వెనక్కి పోనిచ్చి తడిమాడు. బెల్టు చేతికి దొరికింది గానీ, లాగి గుచ్చడం కుదరలేదు. కాకకు కుడి చెయ్యి లేదు. మోచేతి పైనుంచి ఖాళీగా ఉన్న చొక్కా చేతిని మడిచి పిన్నీసు పెట్టుకుంటాడు.

నేను వంగి, బెల్టును ఆయన ఛాతీ మీదుగా లాగి గుచ్చాను. మోత ఆగిపోయింది. నా ముక్కు మాత్రం ఏదో వాసన కోసం వెతుక్కుంది. కొత్త కారు ప్లాస్టిక్ వాసన తప్ప ఇంకేమీ లేదు.

ఇప్పుడు బెల్టు అన్న మాటను ఎన్నింటికి వాడుతున్నారో! నడుం నొప్పి అంటే డాక్టరు నాకు బెల్టు రాసిచ్చాడు. మా మనవరాలు కరాటేలో పసుపు బెల్టు తెచ్చుకుని ఇల్లంతా ఎగిరింది. ఊరికి ఫోన్ చేస్తే, ఫలానావాడు బెల్టు షాపు దగ్గర తాగి పడిపోయాడని కబురు. నా చిన్నప్పుడు మాకు బెల్టు అంటే ఒకటే. అది కార్ఖానాలో తిరిగేది. దానికి ఆముదం, గుగ్గిలం, పచ్చితోలు కలిసిన వాసన ఉండేది. బాపు చొక్కాకు, కాక చొక్కాకు, మేం పడుకునే బొంతకు, చివరికి అమ్మ చేసే జొన్నరొట్టెకు కూడా ఆ వాసనే.

అప్పట్లో మేం వడోద్ వైపు రేకుల గదుల్లో ఉండేవాళ్ళం. గదుల వెనక మురుగు కాలువ. రంగుల మిల్లులు ఏ రంగు వదిలితే ఆ రోజు కాలువ ఆ రంగులో పారేది. ఒక్క గదిలో బాపు, అమ్మ, వాళ్ళ ఒక్క కూతురు నేను, నాయినమ్మ, కాక. బాపు, కాక ఒకే కార్ఖానాలో సాంచెల మీద పనిచేసేవాళ్ళు. బతుకుతెరువుకు ఊరు వదిలి సూరత్ వచ్చిన మావాళ్ళు కరెంటు మగ్గాలను సాంచెలంటారు. ఒకరిది పగటి పాలి అయితే ఇంకొకరిది రాత్రి పాలి, వారం వారం మారేది. ఒకరు లేస్తే ఆ బొంతలోనే ఇంకొకరు పడుకోవాలి. మా ఇంట్లో ఆ బొంత ఎప్పుడూ చల్లారేది కాదు.

కార్ఖానా మొత్తానికి మోటారు ఒకటే. మోటారు నుంచి కప్పు కింద పొడవునా ఉండే ఇనుప షాఫ్టుకు ఒక పెద్ద తోలు బెల్టు. షాఫ్టు నుంచి ఒక్కో సాంచెకు ఒక్కో చిన్న బెల్టు. పెద్ద బెల్టు తిరిగితేనే అన్నీ తిరుగుతాయి. దాన్ని చూసుకునే పని బాపుది. సాగితే రెండు వేళ్ళంత కోసి, కొసలు రెండూ కలిపి తోలుదారంతో కుట్టాలి. జారుతుంటే గుగ్గిలం రాయాలి. కోసిన ముక్క కోసినవాడిది. అది అక్కడి రివాజు, యజమాని సేఠ్ కూడా అడిగేవాడు కాదు.

అలా మా వాడలో ప్రతి ఇంట్లోనూ కార్ఖానా బెల్టు ముక్కలుండేవి. తలుపు బందులు అవే, చెప్పుల అట్టలు అవే, కుంటి మంచం కాలి కింద అవే. మంగలాయన గూట్లో కత్తి నూరుకునే పట్టీ కూడా బాపు ఇచ్చిందే. మేం తొక్కుడుబిళ్ళకు పెంకులు వాడేవాళ్ళం కాదు. గుండ్రంగా కోసిన తోలు బిళ్ళ గిరాటేస్తే పడ్డచోటే అతుక్కుని ఉండేది. గుగ్గిలం ముక్కలు దొంగిలించి, పక్కగదిలో గుర్రుపెట్టే తాత మంచం కింద నిప్పుల మీద వేసి, ఆయన దగ్గుకుంటూ లేచి "ఇల్లు కాలిందిరో" అని అరిస్తే పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళం. ఆ తాత కొడుకు తన పిల్లలను కొట్టేది కూడా ఆ బెల్టు ముక్కతోనే. ఆ సంగతి గుర్తొస్తే ఆ నవ్వు ఇప్పుడు అంత తియ్యగా అనిపించదు.

నాయినమ్మ దసరాకు పసుపు కుంకుమ పొట్లం కట్టి బాపు చేతికిచ్చేది.

"సాంచెకు పెట్టకున్నా ఏంగాదుగని, ఆ పెద్ద పట్టాకు పెట్టు బిడ్డా. అది తిరిగితెనే మన పొయ్యి మండుతది," అనేది.

వానల్లో ఆ పెద్ద బెల్టు తడి పీల్చి సాగేది. వదులై జారేది. అయినా వానాకాలంలో బెల్టు కొయ్యకూడదు. గుగ్గిలం దట్టంగా రాసి సర్దుకోవాలి. ఎండ కాసి తోలు ఆరితే అదే మళ్ళీ ముడుచుకుంటుంది. తడి మీద కోస్తే ఆరినప్పుడు బిగుసుకుపోయి, చక్రం మీంచి పక్కకు జారుతుంది, మళ్ళీ ఎక్కించడం కష్టం. ఇది ఆ పని తెలిసిన ప్రతివాడికీ తెలిసిందే. అందరికంటే ఎక్కువ మా బాపుకే తెలుసు.

ఆ ఏడు మా తెలుగు బడికి కొత్త డ్రిల్లు మాస్టారు వచ్చాడు. జెండా పండుగకు కవాతులో నిలబడాలంటే ప్రతి పిల్లకూ నడుముకు బెల్టు ఉండాలన్నాడు. లేనివాళ్ళు గోడ దగ్గర నిలబడి చూడాలి. అంతకుముందే నన్ను మొదటి వరసలో నిలబెట్టారు. నేను ఇంటికొచ్చి మంకుపట్టు పట్టలేదు, ఏడవలేదు. అన్నం మాత్రం తినలేదు. బాపు చూశాడు.

"బెల్టే గదనే. నేను చేస్త తియ్యి. అంగట్ల దొరికేదానికన్న మంచిగుంటది," అన్నాడు.

వారానికోసారి కరెంటు బందు. ఆ రోజు బాపు కార్ఖానాకు వెళుతూ నన్ను వెంట తీసుకెళ్ళాడు. కాక జ్వరంతో గదిలో పడుకున్నాడు, అమ్మ నుదుటి మీద తడిగుడ్డ వేస్తూ ఉంది. బయట సన్నగా వాన. నడవని సాంచెల మధ్య నిలబడితే కార్ఖానా నాకు కొత్తగా కనిపించింది. బాపు నిచ్చెన ఎక్కి పెద్ద బెల్టును వేళ్ళతో నొక్కి చూశాడు. తడి పీల్చి, వదులుగా వేలాడుతోంది. దాన్నొకసారి చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. కిందికి దిగి, గేటు వైపు ఒకసారి చూసి, కత్తి తీశాడు. రెండు వేళ్ళంత కాదు, జానెడు ముక్క కోశాడు. కొసలు మళ్ళీ కుట్టేశాడు.

ఆ జానెడు ముక్కను ఇంటికి తెచ్చి, నిలువునా సన్నటి పట్టీలుగా చీల్చి, కొసకు కొస కుట్టాడు. పాత గొడుగు కమ్మి వంచి బకిల్ చేశాడు. ఆముదం రాసి రుద్దితే నల్లగా నిగనిగలాడింది. జెండా పండుగ రోజు ఆ బెల్టు పెట్టుకుని మొదటి వరసలో నడిచాను. వెనక పిల్ల "ఆముదం వాసనొస్తోంది" అని ముక్కు మూసుకుంది. నేను ఇంకా నిటారుగా నడిచాను. బడిలో ఇచ్చిన పేడా సగం కొరికి, సగం కాకకు తెచ్చిచ్చాను. జ్వరం తగ్గి లేచి కూర్చున్నాడు. నా నడుము చుట్టూ బెల్టును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఓహో, పోలీసు సాబ్ వచ్చిండు," అని సలాం కొట్టాడు. కాక కుడిచేత్తో సలాం కొట్టగా నేను చూడటం అదే ఆఖరు.

ఆ తర్వాత వాన తెరిపిచ్చింది. ఎండ చురుక్కుమంది. వాడంతా దండేలమీద బట్టలు వేసుకుని సంబరపడ్డారు. బాపు మాత్రం ఆకాశం వైపు చూసినప్పుడల్లా మొహం ముడుచుకునేవాడు. ఎందుకో నాకప్పుడు అర్థం కాలేదు.

ఒక రోజు సాయంత్రం పాలి మారే వేళ. కాక పగటి పాలి దిగాలి, బాపు ఎక్కాలి. బాపు టిఫిను పట్టుకుని రోజూలాగే గేటు దాకా వెళ్ళాను. సాంచెలు నడిచేటప్పుడు పిల్లలను లోపలికి రానివ్వరు. గేటు దగ్గర నిలబడితే లోపలంతా కనిపిస్తుంది. బాపు నా చేతిలో టిఫిను అందుకుంటుండగా లోపల ఫట్‌మని చప్పుడైంది. పెద్ద బెల్టు జారిపోయింది. సాంచెలు ఒక్కటొక్కటిగా నీరసపడి ఆగిపోయాయి. మోటారు ఒక్కటే ఉత్తగా తిరుగుతోంది.

జారిన బెల్టును ఎక్కించాలంటే మోటారు ఆపాలి. కానీ ఎవరూ ఆపేవాళ్ళు కాదు. ఆపితే ఆ ముసలి మోటారు మళ్ళీ ఎత్తుకోవడానికి సతాయించేది, ఆ పూట బట్ట పోయినట్టే. వాళ్ళకు కూలి నేసిన బట్టను బట్టి. అందుకే మోటారు తిరుగుతుండగానే పొడవాటి వెదురు కర్రతో బెల్టును నెట్టి ఎక్కించేవాళ్ళు. మొనగాళ్ళు చేత్తోనే ఎక్కించేవాళ్ళు. వాళ్ళను చూసి మిగతావాళ్ళు శభాష్ అనేవాళ్ళు.

బాపు టిఫిను కింద పెట్టి పరుగెత్తాడు. కర్ర తీసుకుని నెట్టాడు. బెల్టు ఎక్కలేదు. మళ్ళీ నెట్టాడు. కర్ర జారింది. బెల్టు బిగుసుకుని ఉంది. ఎందుకు బిగుసుకుందో అక్కడున్న వాళ్ళలో బాపు ఒక్కడికే తెలుసు.

"మోటర్ బంద్ చెయ్యుండ్రి," అన్నాడు బాపు.

"ఎందుకన్నా? కర్ర సరిగ్గ పెట్టు. పాలి పాడైతది," అని నలుగురైదుగురు అరిచారు. సేఠ్ కాదు, మావాళ్ళే. సేఠ్ అసలు అక్కడ లేడు.

ఎందుకో బాపు చెప్పాలి. నేను తడి మీద జానెడు కోశాను, ఇది కర్రతో ఎక్కదు అని చెప్పాలి. చెప్పలేదు. మూడోసారి కర్ర ఎత్తాడు. అప్పటికే చొక్కా వేసుకుని ఇంటికి బయల్దేరిన కాక వెనక్కి వచ్చాడు.

"జరుగన్నా, నేనెక్కిస్త," అంటూ బాపును భుజంతో పక్కకు నెట్టి, చెయ్యి పైకెత్తాడు.

బెల్టు ఎక్కింది. సాంచెలన్నీ ఒక్కసారిగా కదిలాయి, ఆ మోతలో కాక అరుపు నాకు వినబడలేదు. పని మొదలైందనే అనుకున్నాను. నా పక్కనున్న గేటు మనిషి కూడా అదే అనుకుని బీడీ ముట్టించుకున్నాడు. అంతలో ఎవరో మెయిన్ ఆపేశారు. మళ్ళీ అన్నీ ఆగిపోయాయి. అప్పుడు వినబడింది.

సాంచె మీద నుంచి కోసిన తెల్లబట్టలో చుట్టి కాకను బయటికి తెచ్చారు. బాపు తన నడుముకున్న బెల్టు లాగి, తమ్ముడి చెయ్యికి పైన బిగించి పట్టుకుని ఉన్నాడు. తోపుడు బండి మీద పెద్దాసుపత్రికి పోయేదాకా ఆ పట్టు వదల్లేదట. ఆ బెల్టు కట్టకపోతే మనిషి దక్కేవాడు కాదని డాక్టరు అన్నాడు. బాపుకు ఆ మాట ఎవరు గుర్తుచేసినా అక్కడినుంచి లేచి వెళ్ళిపోయేవాడు.

కాక ఇంటికొచ్చేసరికి చలికాలం వచ్చేసింది. మనిషి సగమయ్యాడు. ఊర్లో ఆయనకు చూసిపెట్టిన పిల్ల సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. సేఠ్ గేటు దగ్గర స్టూలు వేయించి, వచ్చేపోయేవాళ్ళను చూసే పని ఇచ్చాడు. అది దయ అని అందరూ అన్నారు. మొనగాడు అనిపించుకున్న మనిషిని రోజూ ఆ సాంచెల మోత వింటూ కూర్చోబెట్టడం దయ ఎట్లా అవుతుందో నాకు ఇప్పటికీ తెలియదు.

మొదట్లో రోజూ బాపే అన్నం కలిపి తమ్ముడికి ముద్దలు పెట్టేవాడు. ఒక పొద్దుగూకే వేళ, పచ్చిపులుసు కలిపి ముద్ద ఎత్తిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"తమ్మీ, ఆ పట్టా నేనే కోసిన. తడి మీద కోసిన. జానెడు కోసిన. బిడ్డ బెల్టు కోసం కోసిన," అన్నాడు బాపు.

అమ్మ పొయ్యి దగ్గర కదలకుండా ఉండిపోయింది. నాయినమ్మ పెద్దకొడుకు మొహంలోకి, చిన్నకొడుకు భుజం వైపు మార్చి మార్చి చూసింది. నా నడుము చుట్టూ బెల్టు మండుతున్నట్టనిపించింది. కాక ఒక్క మాట అంటే చాలు, ఆ గది రెండు ముక్కలయ్యేది.

"గదేందన్నా? నేను కొయ్యమంటెనే గద నువ్వు కోసింది," అన్నాడు కాక. "మర్సినవా? పట్టా వదులైంది, తమాం జారుతుంది, కొయ్యన్నా అని నేనే అంటి. జెరమొచ్చిన నాకే యాదికుంది, నీకు లేదా? ముద్ద పెట్టు, ఆకలైతుంది."

కాక కొయ్యమననే లేదు. ఆ రోజు ఆయన కళ్ళు తెరిచే స్థితిలోనే లేడు. ఆ సంగతి నాకు తెలుసు, తడిగుడ్డ వేసిన అమ్మకు తెలుసు. బాపుకూ తెలుసు. బాపు ముద్ద తమ్ముడి నోట్లో పెట్టాడు. ఆ మాట ఇంకెప్పుడూ మా ఇంట్లో రాలేదు.

మరుసటి రోజు నేను బెల్టు లేకుండా బడికి బయల్దేరాను. కాక గుమ్మం దగ్గర ఆపాడు.

"బెల్టేదే?"

"నాకొద్దు కాక."

"నువ్వు పెట్టుకోకుంటె మీ బాపు చూస్తడు బిడ్డా. పెట్టుకో," అన్నాడు మెల్లగా.

పెట్టుకున్నాను. నేను పెరిగినకొద్దీ కాక మేకును పొయ్యిలో ఎర్రగా కాల్చి, బెల్టును పాదం కింద తొక్కిపట్టి, ఎడమ చేత్తో కొత్త బొక్క వేసిచ్చేవాడు. ఆ బడి వదిలేదాకా అదే పెట్టుకున్నాను. ప్రతి పొద్దునా నేను గడప దాటేటప్పుడు బాపు గోడ వైపు తిరిగి చుట్ట వెలిగించుకునేవాడు.

కాక ఎడమ చేత్తో తినడం నేర్చుకున్నాడు. గదిలో అయితే ఫరవాలేదు. బయట బంతిలో కూర్చున్నప్పుడే చిక్కు. మావాళ్ళ పెళ్లొకటి అయింది. బంతిలో కాక ఎడమ చేత్తో అన్నం కలపగానే ఎదుటి వరసలో ఒకాయన మొహం తిప్పుకున్నాడు. వడ్డించేవాడు కూర దూరం నుంచే విసిరినట్టు వేశాడు. కాక విస్తరిలోంచి చెయ్యి తీసేసి తల వంచుకున్నాడు. పక్కనే ఉన్న బాపు అప్పటికే కలుపుకున్న కుడి చేతిని నీళ్ళతో కడుక్కున్నాడు. ఆ చేతిని వెనక్కి పెట్టుకుని, ఎడమ చేత్తో తినడం మొదలుపెట్టాడు. చారు మోచేతి దాకా కారింది, అంగీ ఖరాబైంది. ఆయన ఆపలేదు. కాక కూడా తిన్నాడు.

ఆ రోజునుంచి బాపు ఇంట్లో, బయట, పండుగకు, పబ్బానికి ఎడమ చేత్తోనే తిన్నాడు. అమ్మ మొదట్లో తిట్టింది, తర్వాత ఏడ్చింది, తర్వాత అలవాటు పడింది. నాయినమ్మ పోయేదాకా ఆ ఇద్దరికీ ఎదురుగా కూర్చుని తినలేదు. బాపు మళ్ళీ పెద్ద బెల్టు ముట్టుకోలేదు. నవ్వడం కూడా చాలా తగ్గించేశాడు. కాక ఆ అబద్ధంతో ఆయనను కాపాడాలనుకున్నాడు గానీ, తిట్టి ఉంటే బాపు గుండె కొంచెమన్నా తేలికపడేదేమో అని నాకు అనిపిస్తుంది.

బాపు పోయినరోజు, పాడె ఎత్తే ముందు అందరూ ఆయన నోట్లో బియ్యం గింజలు వేస్తున్నారు. కాక వంతు వచ్చింది. గుప్పెట్లో బియ్యం పట్టుకుని వంగాడు. కులపెద్ద ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"ఎడమ చెయ్యి వద్దే. ఆఖరి బువ్వ గది. నీ తరఫున ఇంకోలతోని ఏపిస్తం," అన్నాడు.

కాక చెయ్యి విడిపించుకోలేదు, అరవలేదు.

"మా అన్న గిన్నేండ్లు ఈ చేత్తోనే తిన్నడు," అన్నాడు. "ఆయనకు ఈ చెయ్యే ఎరుక."

పెద్దమనిషి చెయ్యి వదిలేశాడు. కాక ఒక్కో గింజా జాగ్రత్తగా బాపు నోట్లో వేశాడు.

ఆ రేకుల గదులు ఇప్పుడు లేవు. షాఫ్టుతో తిరిగే సాంచెలను ఎప్పుడో పాత ఇనుముకు అమ్మేశారు. ఇప్పుడు దేనికి దానికే మోటారు. నా స్కూలు బెల్టు పెట్టె అడుగున ఉండగా ఒక వరదలో తాపీ నది నీళ్ళు ఇంట్లోకొచ్చి, నాని బూజు పట్టింది. పారేయడానికి కాకే తీసుకెళ్ళాడు. ఎక్కడ పారేశాడో నేను అడగలేదు.

డుమస్‌లో కాక భజియాలు రెండు ప్లేట్లు తిన్నాడు. తిరుగు ప్రయాణంలో మళ్ళీ నేనే వంగి ఆయనకు బెల్టు పెట్టాను. కారు కొంచెం దూరం పోయాక, ఇన్నేళ్ళుగా అడగాలనుకున్నది అడిగాను.

"కాక, ఆ పట్టా కొయ్యమని నువ్వు అననే లేదు గదా?"

కాక కిటికీలోంచి బయటికి చూశాడు. ఎడమ చేత్తో ఛాతీ మీది బెల్టును తడిమాడు.

"బిగువుగున్నది బిడ్డా. జర వదులు చెయ్యి," అన్నాడు.

నేను బెల్టును జానెడు బయటికి లాగాను. వదిలితే అది మళ్ళీ లోపలికి పోయి బిగుసుకుంటోంది. అందుకని అమ్రోలి వచ్చేదాకా దాన్ని ఆయన ఛాతీకి తగలకుండా చేత్తో పట్టుకునే కూర్చున్నాను.